క్రియాటినిన్ ఎంతుంది?

మన ఊళ్లలో కిడ్నీ జబ్బు కబుర్లు ఒక అంకెతో మొదలవుతాయి. "ఎంతుందట?" అని ఒకరడుగుతారు. "నాలుగున్నర" అని ఇంకొకరంటారు. దేని నాలుగున్నరో, ఏ లెక్కన నాలుగున్నరో ఎవరూ చెప్పుకోరు. ఫలానా ఆయనకు ఏడుండగా పొలం వెళ్తున్నాడని ఒక మాట, ఫలానా ఆవిడకు మూడుకే ముఖం వాచిపోయిందని మరో మాట తోడవుతాయి. పేరు పలకనక్కర్లేనంతగా చనువైపోయిన ఆ పదార్థమే క్రియాటినిన్. నూరు మిల్లీలీటర్ల సీరంలో అది ఎన్ని మిల్లీగ్రాములుందో ఆ అంకె చెబుతుంది. అది చెప్పేది అంతవరకే. మిగతా అర్థమంతా మనం తగిలించేది. ఆ తగిలింపుల్లో సరైనవీ ఉన్నాయి, ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి.

ముందుగా చెప్పాల్సింది, క్రియాటినిన్ విషం కాదని. కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు మనిషిని పడగొట్టేది పొటాషియం పెరగడం, ఒంట్లో నీరు నిలవడం, ఆమ్లం చేరడం, నెత్తురు తగ్గడం. ఈ గలాటాలో క్రియాటినిన్ చేసే హాని పెద్దగా ఏమీ లేదు. అయినా అందరూ దాన్నే కొలుస్తారు. ఎందుకంటే కొలవడం సులువు, అది ఒంట్లో పుట్టే తీరు నిలకడైనది.

అది కండల్లో పుడుతుంది. కండల్లో క్రియాటిన్ అనే పదార్థం ఉంటుంది. చివర 'నిన్' లేదు, గమనించాలి. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు డబ్బాల్లో కొనుక్కునేది ఇదే. డెబ్బై కిలోల మగవాడి ఒంట్లో సుమారు 120 గ్రాములుంటుంది. రోజూ అందులో నూటికి ఒకటి రెండు పాళ్లు, ఏ ఎంజైము సాయమూ లేకుండా, దానంతటదే క్రియాటినిన్‌గా మారిపోతుంది. ఒంటికి దానితో పనిలేదు. నెత్తుట్లోకి వస్తుంది, కిడ్నీలు వడకట్టి మూత్రంలోకి పంపేస్తాయి.

ఈ క్రియాటిన్ కండల్లో ఏం చేస్తుందో తేల్చినవాళ్లలో మన మనిషి ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, 1925లో నెత్తుట్లో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే పద్ధతి ప్రకటించాడు. జీవరసాయన శాస్త్ర విద్యార్థులకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటే అదే. దానితో కండను పరీక్షిస్తుంటే, అంతవరకూ మామూలు ఫాస్ఫేటు అనుకుంటున్న దానిలో చాలా భాగం నిజానికి క్రియాటిన్‌తో జతకట్టి ఉందని బయటపడింది. ఫాస్ఫోక్రియాటిన్. కండ బిగిసినప్పుడు విడిపోతుంది, విశ్రాంతిలో మళ్లీ కూడుతుంది. 1927లో ఈ సంగతి అచ్చయింది; అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా దీన్ని పట్టుకున్నారు. బరువెత్తే క్షణాన కండకు చేతికందే శక్తి నిల్వ ఇదన్నమాట.

ఇంకో చుట్టరికం ఉంది. సుబ్బారావు పనిచేసిన విభాగానికి పెద్ద ఆటో ఫోలిన్. క్రియాటినిన్‌ను రంగు చూసి కొలవడం వైద్యలోకానికి నేర్పినవాడు ఆయనే, 1904లో. అసలు రంగును అంతకుముందు 1886లో మాక్స్ యాఫే చూశాడు. క్షారం కలిపిన పిక్రిక్ ఆమ్లంలో క్రియాటినిన్ పడితే ఎర్రటి నారింజ రంగు వస్తుంది. ఫిరంగి గుళ్లలో పేలుడు మందుగా దట్టించిన ఆమ్లమే అది. నూట నలభై ఏళ్ల కిందటి ఆ రంగుతోనే ఇవాళ్టికీ మన పట్టణాల్లో చాలా ల్యాబులు క్రియాటినిన్ కొలుస్తున్నాయి. ఇందులో ఒక చిక్కుంది: ఆ రంగు క్రియాటినిన్‌కే కాక, షుగరు బాగా ముదిరినప్పుడు చేరే కీటోన్లకూ, కొన్ని యాంటీబయాటిక్కులకూ కొంత వస్తుంది. కామెర్లున్నవాళ్లలో ఉల్టాగా అంకె తక్కువ చూపవచ్చు. ఎంజైముతో కొలిచే పద్ధతి ఇంతకంటే నికరం, ఖర్చు ఎక్కువ. ఒక ల్యాబులో 1.2, ఇంకో ల్యాబులో 1.35 వచ్చాయంటే మధ్యలో కిడ్నీ ఏదో అయిపోయిందని కంగారు పడనక్కర్లేదు. ఎప్పుడూ ఒకే ల్యాబుకు వెళ్లడం మేలు.

ఇప్పుడు అసలు విషయం. క్రియాటినిన్ రెట్టింపైతే కిడ్నీ సగం పోయినట్టు. ఇది ఎందుకో తెలిస్తే రిపోర్టు చూసే కన్నే మారిపోతుంది.

పెరట్లో సిమెంటు తొట్టి ఉందనుకోండి. పైనుంచి కుళాయి ఒకే ధారగా పడుతోంది, అడుగున చిల్లులున్నాయి. పడేదెంతో పోయేదీ అంతే కనుక నీటి మట్టం ఒకచోట నిలుస్తుంది. చిల్లుల్లో సగం పూడిపోయాయి. తొట్టి పొంగిపోదు. మట్టం పెరుగుతుంది, పెరిగిన నీటి బరువుకు మిగిలిన చిల్లుల్లోంచి ధార జోరందుకుంటుంది, మళ్లీ పడేదీ పోయేదీ సమమై మట్టం కొత్తచోట ఆగుతుంది. క్రియాటినిన్ సంగతి ఇదే. కండలు రోజూ ఒకే మోతాదు పోస్తుంటాయి. వడపోత సగమైతే, నెత్తుట్లో రెట్టింపు చేరాక మళ్లీ లెక్క సరిపోతుంది. అందుకే జబ్బు మొదట్లో మూత్రం తగ్గదు, మనిషికి తేడా తెలియదు.

లెక్క వేసి చూద్దాం. ఒకాయనకు ఆరోగ్యంగా ఉన్నప్పుడు క్రియాటినిన్ 0.8. అది 1.6 అయితే వడపోత 50 శాతానికి పడింది. 3.2 అయితే 25కి. 6.4 అయితే పన్నెండున్నరకి. మొదటి 0.8 పెరుగుదలకు సగం కిడ్నీ ఖర్చయింది. అదే 0.8 చివర్లో, 6.4 నుంచి 7.2కు పెరిగితే, పోయేది ఒకటిన్నర శాతం కూడా కాదు. ఇంట్లోవాళ్లు మాత్రం మొదటిదాన్ని "కాస్త పెరిగింది" అనీ, రెండోదాన్ని "అమాంతం పెరిగిపోయింది" అనీ చెప్పుకుంటారు. ఆస్పత్రులు మారేది, అప్పులు చేసేది, ఆకు పసర్ల కోసం పరుగెత్తేది రెండో దశలో. కాపాడుకోవడానికి కిడ్నీ మిగిలి ఉన్నది మొదటి దశలో. ఆ దశలో చాలామంది రిపోర్టులో అంకె పక్కన నక్షత్రం గుర్తు కూడా ఉండదు. 0.7 నుంచి 1.2కు వచ్చిన మనిషికి ల్యాబు కాగితం "నార్మల్" అనే చెబుతుంది. ల్యాబుకు పాత అంకె తెలియదు మరి. అందుకే పాత రిపోర్టులు పారేయకూడదు. బీరువాలో చీరల కింద ఉన్నా సరే, అవి కొత్త స్కానింగు కంటే ఎక్కువ చెబుతాయి.

నార్మల్ అనే గీతకు ఇంకో బలహీనత కూడా ఉంది. అంకె కిడ్నీ మీదే కాదు, కండ మీదా ఆధారపడుతుంది. పాతికేళ్ల మగవాడికి 1.1 ఉంటే భేషుగ్గా ఉన్నట్టు. అరవై ఐదేళ్ల ఆడమనిషికి అదే 1.1 ఉంటే వడపోత చాలా తగ్గినట్టు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోవడానికే ఈజీఎఫ్‌ఆర్ పుట్టింది. జీఎఫ్‌ఆర్ అంటే కిడ్నీల్లోని సన్నటి వడపోత గుత్తులన్నీ కలిసి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడతాయన్నది. ఆరోగ్యంగా ఉన్న వయసులో అది 100 నుంచి 125 దాకా, అంటే రోజుకు 180 లీటర్ల వరకూ. (అందులో దాదాపు అంతా మళ్లీ వెనక్కి పీల్చుకుంటాయి, లీటరున్నరో రెండో బయటికి పోతుంది.) ముందున్న 'ఈ' అక్షరానికి అర్థం అంచనా అని. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్న మూడింటిని ఒక సూత్రంలో పెట్టి అంచనా కడతారు. 2021 నాటి సూత్రం ప్రకారం పై కుర్రాడి 1.1కి వచ్చేది 96, పెద్దావిడ 1.1కి వచ్చేది 56. కాగితం మీద ఒకే అంకె, కిడ్నీలకు నలభై మిల్లీలీటర్ల తేడా.

అంచనా అన్నాక తప్పుతుంది కూడా. కసరత్తులు చేసి కండలు పెంచినవాడికి లేని జబ్బు చూపుతుంది. మంచం పట్టి చిక్కి శల్యమైన ముసలాయనకు ఉన్న జబ్బు దాస్తుంది. కాలు తీసేసినవాళ్లకు ఈ సూత్రం పనికిరాదు. అలాంటప్పుడు డాక్టర్లు సిస్టాటిన్ సి అనే వేరే పరీక్ష రాస్తారు. దానికి కండతో అంత సంబంధం లేదు. రాత్రి పొట్టేలు మాంసం బాగా లాగించి పొద్దున్నే రక్తమిచ్చినా అంకె కాస్త పెరుగుతుంది. వండేటప్పుడు మాంసంలోని క్రియాటిన్ కొంత క్రియాటినిన్ అయిపోతుంది కాబట్టి.

రిపోర్టుల్లో జనాన్ని ఎక్కువ భయపెట్టేది 'క్రానిక్', 'స్టేజి 3' అన్న మాటలు. క్రానిక్ అంటే ముదిరిందని అర్థం కాదు. మూడు నెలలకు మించి ఉందని మాత్రమే. స్టేజి అనగానే క్యాన్సర్ గుర్తొస్తుంది. అక్కడ మూడో స్టేజి అంటే ఒక భయం. ఇక్కడ ఈజీఎఫ్‌ఆర్ 60 దిగితే మూడు, 30 దిగితే నాలుగు, 15 దిగితే ఐదు. అంతే. మూడో స్టేజిలో ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో డయాలసిస్ అవసరమే రాదు. వాళ్లకు కిడ్నీ కంటే గుండె ముప్పే పెద్దది. బీపీ మందు మానకుండా వేసుకోమని డాక్టరు పోరు పెట్టేది అందుకే.

దీనికి భిన్నమైంది 'అక్యూట్', ఉన్నట్టుండి దెబ్బతినడం. రక్తపింజరి కాటు, ఆగని వాంతులు విరేచనాలు, కాన్పులో నెత్తురు పోవడం. ఇందులో తొట్టి లెక్క కొంత మోసం చేస్తుంది. చిల్లులన్నీ ఒక్కసారిగా మూసుకుపోయినా మట్టం పెరగడానికి సమయం పడుతుంది కదా. కిడ్నీ పూర్తిగా ఆగిన రోజున కూడా క్రియాటినిన్ దాదాపు మామూలుగా ఉండొచ్చు. అప్పుడు అంకె కంటే మూత్రం సంచిలో ఎంత చేరిందన్నదే ముందు చెబుతుంది. ఒకసారి డయాలసిస్ ఎక్కితే జన్మంతా వదలదనే నమ్మకంతో కొన్ని కుటుంబాలు ఇలాంటి సమయంలోనూ వద్దని మొండికేస్తాయి. ఇది మంచి మనుషుల్ని చంపే అపోహ. అక్యూట్ దెబ్బలో డయాలసిస్ చాలామందికి కొద్దిరోజుల ఆసరా మాత్రమే. కిడ్నీ కోలుకున్నాక ఆపేస్తారు.

క్రియాటినిన్ చూడలేనిది ఇంకొకటుంది. షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో వడపోత తగ్గకముందే జల్లెడ సాగిపోయి, ఆల్బుమిన్ అనే ప్రొటీను మూత్రంలోకి కారుతుంది. ఈ కారుడు మొదలై ఏళ్లు గడిచినా క్రియాటినిన్ 0.9 దగ్గరే కూర్చుని ఉండగలదు. కనిపెట్టేది మూత్ర పరీక్ష: ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. 30 లోపు మామూలు, 300 దాటితే ఎక్కువ. షుగరున్నవాళ్లు ఏటా ఒకసారి చేయించుకోవాలి. తెలుగు ఇళ్లలో షుగరు లేని ఇల్లు అరుదు, ఈ పరీక్ష చేయించుకున్న ఇల్లు అంతకంటే అరుదు.

దీనికి సరిగ్గా ఎదురు కొసన ఉంది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. వాటి మధ్య ఇంటికొకరు చొప్పున కిడ్నీ రోగులున్న ఊళ్లు. అక్కడి రోగుల్లో చాలామందికి షుగరు లేదు. బీపీ లేదు, ఉన్నా జబ్బు ముదిరాక వచ్చిందే. మూత్రంలో ప్రొటీను పోదు, పోయినా కొద్దిగానే. దెబ్బతినేది జల్లెడ కాదు, దాని తరవాతుండే సన్న గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. కనుక మూత్రంలో పట్టీ ముంచి చూసే చవక పరీక్ష ఇక్కడ "అంతా బాగుంది" అంటుంది. జబ్బును పట్టేది రక్తంలో క్రియాటినిన్. నురగ లేదు, వాపు లేదు, నొప్పి లేదు. కొబ్బరి దింపే మనిషి ఒకనాడు అన్నం సయించడం లేదని వెళ్తే ఆరో ఏడో బయటపడుతుంది.

ఇలాంటి జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లోనూ, ఎల్ సాల్వడోర్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీల్లోనూ ఉంది. మధ్య అమెరికాలో ఎండలో విపరీత శ్రమ, ఒళ్లు ఎండిపోవడం వైపు సాక్ష్యం గట్టిగానే మొగ్గింది. ఉద్దానంలో తాగునీటిలో సిలికా దగ్గర్నుంచి పురుగుమందుల దాకా, ఒళ్లునొప్పులకు మింగే బిళ్లల దాకా ఎన్నో అనుమానాలు పరీక్షకు నిలిచాయి. ఏదీ ఒంటరిగా నేరస్తుడని తేలలేదు. పలాసలో 2023లో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్లు తెచ్చారు. కారణం తెలియకుండా నీళ్లు మార్చడం సైన్సు కాదని పెదవి విరిచినవాళ్లున్నారు. నాకైతే అది సబబుగానే అనిపిస్తుంది. రుజువు వచ్చేదాకా జనం అనుమానపు నీళ్లే తాగుతూ కూర్చోవాలని ఏ సైన్సూ చెప్పదు.

అంకెను జబ్బు అనుకోవడంలో ఉన్న ప్రమాదం మందుల దగ్గర బాగా కనబడుతుంది. ప్రొటీను కారుతున్న కిడ్నీకి డాక్టర్లు రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి రాస్తారు. ఇవి వడపోత గుత్తిలో ఒత్తిడి తగ్గించి దాని ఆయుష్షు పెంచుతాయి. ఒత్తిడి తగ్గితే వడపోత మొదట్లో కాస్త తగ్గుతుంది, క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. పెరుగుదల నూటికి ముప్పై పాళ్ల లోపుంటే, పొటాషియం అదుపులో ఉంటే, మందు కొనసాగించమనే డాక్టర్ల లెక్క. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త మందులదీ ఇదే తీరు. రోగి మాత్రం రిపోర్టు చూసుకుని, "ఈ మందు వేసినాకే పెరిగింది" అని మానేస్తాడు. మరోపక్క మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ బిళ్లను ఏళ్ల తరబడి మింగుతాడు, దాన్ని మందుల లెక్కలోకే తీసుకోడు.

రిపోర్టులో క్రియాటినిన్ పక్కనుండే యూరియా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అది తిన్న ప్రొటీనును బట్టి, ఒంట్లో నీటిని బట్టి ఊగుతుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని ల్యాబులు యూరియా అని, కొన్ని బీయూఎన్ అని ఇస్తాయి. రెండోదాన్ని 2.14తో గుణిస్తే మొదటిది వస్తుంది. పోయిన నెల 20, ఈ నెల 43 అని గుండెలు బాదుకునే ముందు కాగితం మీద ఏ పేరుందో చూడాలి. ఇక నడుం నొప్పి. అది కిడ్నీలో రాయి వల్ల రావొచ్చు, ఎక్కువసార్లు వెన్ను వల్ల వస్తుంది. కిడ్నీ మెల్లగా చెడిపోవడం నొప్పి పుట్టించదు.

డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లకు ఈ అంకె అర్థం మళ్లీ మారుతుంది. లోపలికి వెళ్లేటప్పుడు 9, నాలుగు గంటల తరవాత లేచేటప్పుడు మూడున్నర. కడిగింది యంత్రం, కిడ్నీ ఎక్కడున్నది అక్కడే ఉంది. తగ్గిందని ఒక వారం మానేస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, పొటాషియం గుండెను ఆపగలదు. ఉద్దానం రోగులకు తోటలో కాసే కొబ్బరిబొండమే నిషిద్ధ పదార్థం కావడానికి కారణం అందులోని పొటాషియం. డయాలసిస్ మొదలయ్యాక డాక్టరు చూసేది రోగి బరువు, పొటాషియం, హిమోగ్లోబిన్. క్రియాటినిన్‌ను కూడా చూస్తారు గానీ తలకిందులుగా. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో, యంత్రం ఎక్కేముందు క్రియాటినిన్ ఎక్కువగా ఉండేవాళ్లే సగటున ఎక్కువ కాలం బతుకుతున్నారు. వాళ్ల ఒంట్లో కండ మిగిలి ఉంది కనుక. పదకొండు ఉండే మనిషికి నెలనెలా తగ్గుతూ ఆరు అయిందంటే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. డాక్టరు మాత్రం అన్నం సయిస్తోందా, రోజుకు గుడ్లు ఎన్ని తింటున్నాడు అని అడుగుతాడు.